కళ్ళు తెరిచే ఉన్నాయి

పొద్దున్నే కర్టెన్లు ఉతకాలని అమ్మకు ఎందుకు బుద్ధి పుట్టిందో తెలియదు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన చిన్ని అప్పుడే మంచమెక్కింది. హాల్లో స్టూలు పడిన చప్పుడు, వెంటనే "ఏం కాలేదు, నువ్వు పడుకో" అన్న అమ్మ గొంతు వినిపించాయి. నిజంగా ఏం కాకపోతే ఎవరూ అంత తొందరగా చెప్పరు.

వెళ్ళి చూస్తే, అమ్మ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నేలమీద కూర్చుని ఉంది. భుజం గుండ్రదనం పోయి ఎముక కోసుగా పొడుచుకొచ్చింది.

"కీలు జారిందమ్మా. పద, ఆస్పత్రికి."

"బెణికిందంతే. కాస్త కాపడం పెడితే..."

"పోనీ మిగతా కర్టెన్లు కూడా తీసేసి వెళ్దామా?"

"వెటకారంలో అచ్చం మీ నాన్నే."

ఆయన పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ అమ్మ గదిలో లైటు ఆరదు.

నాన్న పోయింది చిన్ని నర్సుగా పనిచేసే ఎమర్జెన్సీ వార్డులోనే. ఆ తర్వాత అమ్మ ఆ గడప తొక్కలేదు. చిన్ని మర్చిపోయిన టిఫిన్ డబ్బా తెచ్చినా రోడ్డు అవతలే నిలబడేది. ఇవాళ తప్పలేదు.

ఎక్స్‌రే చూసిన డాక్టరు, "మత్తిచ్చి కీలు సరిచేస్తానమ్మా. మీకు నొప్పే తెలీదు," అన్నాడు.

"మత్తొద్దు బాబూ. ఇలాగే లాగెయ్యండి."

"ఇలాగే లాగితే మీ అరుపులకి పక్క బెడ్డువాళ్ళు లేచి పారిపోతారు."

అమ్మ నవ్వలేదు. చిన్ని వైపు తిరిగింది.

"ఆయనకిచ్చిన మందేనా?"

"కెటమిన్. అదే."

"నువ్వే ఇచ్చావుగా."

"డాక్టరు చెప్తే ఇచ్చాను. నాన్నకి ఊపిరాడట్లేదమ్మా. గొంతులోకి గొట్టం వెయ్యాలంటే ముందు..."

"నేను గాజు తలుపు అవతలే ఉన్నానే!" అమ్మ ఒక్కసారిగా అరిచింది. "నిద్రపోయారన్నావు. కళ్ళు తెరిచే ఉన్నాయి! గొట్టం దూరుస్తుంటే నన్నే చూస్తున్నారు, ఆపమన్నట్టు. నేను తలుపైనా కొట్టలేదు."

ఏడాదిగా అమ్మ ఆ చూపుతో కాపురం చేస్తోందన్నమాట.

"ఆ మందుకి కళ్ళు మూతపడవమ్మా. తెరుచుకునే ఉంటాయి, కానీ చూడవు. బయటున్న వాళ్ళకి ఈ మాట ముందే చెప్పడం మా పని. ముక్కూ మొహం తెలీని వాళ్ళందరికీ చెప్పాను. నీకే చెప్పలేదు. ఆ రోజు నేను నర్సునో, కూతుర్నో నాకే తెలీలేదు."

"నన్ను ఓదార్చడానికి అలాగే అంటావులే."

అంటూనే అమ్మ ఎడమచెయ్యి ముందుకు చాపింది. "సరే, ఇవ్వమను. నువ్వు నా ఎదురుగా నిలబడు, కదలకు. కనిపిస్తావో లేదో నేనే చూస్తా."

మందు ఎక్కింది. "ఏదీ, ఇంకా నువ్వు..." అంటూ అమ్మ మాట మధ్యలోనే ఆగిపోయింది. కళ్ళు మాత్రం మూతపడలేదు. చిన్ని ముఖం మీదే నిలిచి, గుడ్లు మెల్లగా అటూ ఇటూ ఊగాయి. వాటిలో చూపు లేదని చిన్నికి తెలుసు. ఈ మందు ఎక్కిన ఎందరి కళ్ళనో చూసింది. అయినా "అమ్మా," అని పిలిచింది. డాక్టరు చెయ్యి లాగగానే భుజం టక్కున లోపలికి పడింది. ఆ కళ్ళు అదరలేదు, బెదరలేదు. వాటి ముందే చిన్ని వెక్కి వెక్కి ఏడ్చింది.

కాసేపటికి అమ్మ నాలుకతో పెదవులు తడుపుకుంది.

"ఎప్పుడు మొదలెడతారట?"

"అయిపోయిందమ్మా."

అమ్మ భుజం తడుముకుంది. "నిలబడమంటే నువ్వెక్కడికి పోయావే?"

"ఇక్కడే ఉన్నా, జానెడు దూరంలో. నన్నే చూస్తున్నావు. పిలిచాను కూడా."

"నాకేం తెలీలేదే..." అమ్మ మళ్ళీ భుజం తడుముకుంది. "అంటే ఆయనకి నొప్పి తెలీలేదు."

"తెలీలేదమ్మా."

అమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అది వదిలేలోపే పెదవులు వణికాయి.

"అయితే నన్నూ చూడలేదన్నమాట."

దానికి చిన్ని దగ్గర మందు లేదు. నిజం మాత్రం ఉంది.

"ఇంజెక్షన్ ఇచ్చే ముందు నాన్న ఆక్సిజన్ మాస్కు తీసి అడిగారమ్మా, అమ్మ బయటుందా అని. ఉందన్నాను. 'అయితే ఇచ్చెయ్' అన్నారు."

అమ్మ ఎడమచేత్తో కూతురి తలని గుండెకు లాక్కుని, పక్క బెడ్డువాళ్ళు లేచి చూసేలా ఏడ్చింది.