గవ్వకి కెమెరా ఆపరేషన్

శనివారం పొద్దున్నే దానమ్మ చేపల బుట్టని తోడికోడలి నెత్తికెత్తేసి రేవు నుంచి ఇంటికొచ్చేసింది. ఇవాళ కుక్క గవ్వని విజయనగరం తీసుకెళ్లాలి. ఏడాదికి రెండు ఈతలు ఈనుతోంది గవ్వ. దాని పిల్లలు ఇసకలో ఆరబెట్టిన నెత్తళ్ల చేపల మీద పడి దొర్లుతుంటే దానమ్మ మొగుడు ధనరాజుకి ఒళ్లు మండిపోయేది.

"దీన్ని సోమవారం సేపల వేనులో ఎక్కించీసి నరసన్నపేట హైవే కాడ ఇడిసీస్తాను" అని తేల్చి చెప్పేశాడు.

"ఆపరేషన్ సేయించీస్తే ఇంక పిల్లలు పుట్టవు కదా నాన్నా!" అంది కూతురు అనూరాధ. విజయనగరంలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ పక్కనున్న కుక్కల క్లినిక్‌కి విశాఖ నుంచి నెలకు రెండే రెండు రోజులు ఒక డాక్టరమ్మ వస్తుందట. పొట్ట పొడుగునా కొయ్యకుండా రెండు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూసుకుంటూ చేసేస్తుందట.

దానమ్మకి రాత్రంతా అదే దడ. మత్తిస్తే గవ్వ మళ్లీ లేస్తుందా? ఏమీ పెట్టొద్దని అనూరాధ పదిసార్లు చెప్పింది. కానీ ఆ ఇంట్లో వేటకెళ్లే మనిషినైనా, ఆసుపత్రికెళ్లే మనిషినైనా ఖాళీ కడుపుతో గడప దాటనివ్వరు. కూతురు స్నానానికెళ్లిన సందు చూసి, చద్దన్నంలో చేపల పులుసు కలిపి పెట్టేసింది.

క్లినిక్‌లో డాక్టర్ పద్మకుమారి గవ్వ పొట్ట తడిమి చూసింది. "ఏమీ తినలేదు కదా?"

"లేదండి" అంది అనూరాధ.

మత్తు సూది బయటకు తీసేసరికి దానమ్మ గబుక్కున అడ్డం పడింది. "ఆగమ్మా! పొద్దున్న అన్నం పెట్టీసినాను. ఆకలికి సోషొచ్చి పడిపోతాదేమోనని..."

"ఓలమ్మా! అన్నిసార్లు సెప్పినాను గదే!" అంది అనూరాధ.

డాక్టరు సూది పక్కన పెట్టేసింది. "చెప్పి దాన్ని బతికించారు. మత్తులో కక్కితే అదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవాళ వద్దు. రేపు పొద్దున్న మొదట దీనికే చేస్తాను."

దానమ్మ కాసేపు కెమెరా మిషను వైపే చూసి అడిగింది. "ఇలాటిది ఆడోళ్లకి కూడా సేస్తారా తల్లీ?"

"ముందు మనుషులకే వచ్చిందమ్మా. కుక్కలకి తర్వాత. మీకెవరూ చెప్పలేదా?"

దానమ్మ జవాబు చెప్పేలోపు ఫోను మోగింది. వరండాలోకొచ్చి ఎత్తింది. ధనరాజు. సంగతి విని అరిచాడు. "రేపు సేపలెవులమ్ముతారే? దాన్నక్కడే ఇడిసీసి బస్సెక్కీ!"

"నాను రాను."

"ఏటీ?"

"రానన్నాను. ఇనబళ్లేదా? పిల్లలు పుట్టకుండా క్యాంపులో నా పొట్ట కోసీసినప్పుడు కుట్లు సీము పట్టీసి నలబై రోజులు మూలిగినాను. పదో రోజునే మీయమ్మ బుట్ట నెత్తిన పెట్టీసింది. నువ్వక్కడే నిలబడ్డావు. కొయ్యకుండా సేస్తారేమోనని ఒక్కడంటే ఒక్కడు కనుక్కోనేదు. దీనికోసం నా కూతురు కనుక్కుంది. సేయించే వస్తాను. ఎవుల్ని ఎక్కిస్తావో ఎక్కించు నీ వేను!"

ఫోను పెట్టేసింది. వరండాలో ఉన్నవాళ్లంతా తనవైపే చూస్తున్నా తల దించలేదు.

అనూరాధ తల్లి చెయ్యి పట్టుకుంది. "నాకెప్పుడూ సెప్పనేదేటమ్మా?"

"అడిగినోళ్లెవులే?"

ఆ రాత్రి ఇద్దరూ గవ్వతో క్లినిక్ వరండాలోనే పడుకున్నారు. ఆదివారం మొదటి బస్సుకి ధనరాజు దిగాడు. వచ్చి వరండాలో బల్ల చివర కూర్చున్నాడు. గవ్వని లోపలికి తీసుకెళ్లాక ఆ గంట సేపూ దానమ్మ ఆపరేషన్ గది తలుపు వైపే చూస్తూ నిలబడింది. చివరికి గవ్వ తూలుకుంటూ బయటకొచ్చి ఆమె కాళ్ల మీద వాలిపోయింది. పొట్ట మీద బొటనవేలి గోరంత ప్లాస్టర్లు రెండే. దానమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

ధనరాజు లేచి డాక్టరు దగ్గరికెళ్లాడు. "ఎన్ని రోజులు కదపకూడదండి?"

"పది రోజులు గెంతనివ్వకండి. కుట్లు నాకనివ్వకండి."

అతను అక్కడే ఆగిపోయాడు. పెళ్లాం వైపు తిరిగాడు గానీ కళ్లు ఎత్తలేకపోయాడు. "నీకప్పుడు... ఈ మాట నానడగనేదు కదే దానమ్మా."

దానమ్మ కళ్లు తుడుచుకుంది. ఫరవాలేదని మాత్రం అనలేదు.

"ఇప్పుడడుగు" అంది.

ధనరాజు వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. "బాగా నొప్పెట్టిందేటే?" అని అడిగాడు.