ఐదు రివెట్ల పిడి

సాలూరు లారీ స్టాండులో పాత కత్తుల బ్రోకర్ ఎర్రన్నను ఎవరో కాల్చి చంపారు. మర్నాడే, 2014 జనవరిలో, చీఫ్ జగన్నాధం ఏజెంట్ అరుణశ్రీని పిలిపించాడు.

"బొబ్బిలి గెస్ట్‌హౌస్. ఎర్రన్న అమ్మిన బ్రిటిష్ గుర్రపు దళం కత్తులు మూడు. ఒకదాని పిడిలో మన తీరం రాడార్ల మ్యాపున్న మెమరీ కార్డు. నాలుగింటికి విదేశీ ముఠా మనిషి విక్టర్ వాటితో వెళ్లిపోతాడు. నువ్వు కత్తులకి వెల కట్టే వాల్యూయర్ వేషంలో వెళ్తావు. అతని సెక్రటరీ ఝాన్సీ మన డబుల్ ఏజెంట్. వినోద్ ఆమె భర్త వేషంలో ఉన్నాడు."

ఆఖరి మాటని అరుణశ్రీ రెండుసార్లు చెప్పించుకుంది. వినోద్ ఆమె పెళ్లాడబోయే మనిషి.

గెస్ట్‌హౌస్‌లో బల్లమీద మూడు కత్తులు పరిచి విక్టర్ కూర్చున్నాడు. ఝాన్సీ పట్టుచీరలో మెరిసిపోతూ, వినోద్‌ని అంటిపెట్టుకుని ఉంది.

"రామతీర్థం కొండెక్కారా?" అంది ఝాన్సీ.

"మోకాళ్ల నొప్పులు," అంది అరుణశ్రీ. కోడ్ సరిపోయింది.

టీ అందిస్తూ ఝాన్సీ గుసగుసలాడింది. "మొదటి కత్తిలో."

"క్విక్! ఇవి అసలైనవేనని సర్టిఫికెట్ కావాలి," అన్నాడు విక్టర్. టైం మూడూ యాభై.

అరుణశ్రీ మొదటి కత్తి ఎత్తింది. మూడు కమ్మీల చేతికాపు, తోలు పిడి, ఐదు రివెట్లు. అచ్చం 1853 మోడల్. అందులో అలుగు తోక, అంటే పిడిలోకి దూరే ఇనుము, పిడి వెడల్పంతా పరుచుకుని ఉంటుంది. లోపల ఆవగింజంత చోటుండదు. అంటే ఝాన్సీ అబద్ధమాడింది! 'ఝాన్సీ గూఢచారి' అని విక్టర్‌తో ఒక్క మాటంటే పీడ విరగడవుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మరుక్షణం తనమీద తనకే సిగ్గేసింది. కత్తి తిరగేసి భూతద్దం పెట్టింది. ఇనుములోంచి దూరిన రివెట్లు రెండువైపులా ఒకేచోట తేలాలి. ఇక్కడ వరస కలవలేదు. పైకి అతికించినవి! పిడి లోపల బోలు.

ఝాన్సీ చెప్పిందే నిజం. అందుకు ఇంకా మండింది.

"పిడి మార్చారు. విప్పి చూడనిదే సంతకం పెట్టను."

గుట్టు ఝాన్సీయే బయటపెట్టిందని విక్టర్‌కి అర్థమైంది. పిస్టల్ తీసి ఝాన్సీకి గురిపెట్టాడు. ట్రిగ్గర్ నొక్కేలోగా అరుణశ్రీ కత్తి పక్కవాటుగా అతని మణికట్టును తాకింది. పిస్టల్ ఎగిరిపడింది. వినోద్ బేడీలు వేశాడు. పిడిని బల్లకేసి కొడితే కార్డు జారిపడింది. మూడూ యాభై తొమ్మిది.

వరండాలో వినోద్ నవ్వాడు. "ఏటే, ఆ మొకం? మొగుడూ పెళ్లాం అంటే డ్యూటీయే గదేటి!"

అరుణశ్రీ చీఫ్‌కి ఫోన్ చేసింది.

"సార్, కార్డు దొరికింది. ఈ డ్యూటీ పెళ్లి రద్దయిపోనాదని కూడా ఓ ఆర్డరు ఇప్పించండి."