మూడో గేటులో ఒకరు ఎక్కువ

పాకాల ఫుట్‌బాల్ మైదానంలో చీకటి పడ్డాక మూడో గేటు దగ్గర ఎవరూ ఒంటరిగా నిలబడరు.

చిత్తూరు వైపు క్రికెట్ కాక ఇంకో ఆట ఉందని నమ్మేవాళ్లు తక్కువ. నమ్మేవాళ్లంతా పాకాలలోనే ఉన్నారు. జంక్షన్ వెనక, పట్టాలకు ఆనుకొని వాళ్లకొక మైదానం ఉంది, దీపస్తంభాలున్నాయి, ఒక క్లబ్బుంది. ఏటా సొంతూళ్లో తొమ్మిది మ్యాచులు ఆడతారు. గేట్లు మూడు. మొదటి రెండూ బజారు వైపు. మూడోది పట్టాల వైపు — అవతల ముళ్లకంపలు, ఇవతల ఒక రేకుల గది, మధ్యలో మూడు ఇనుప కడ్డీల తిరుగుడు గేటు. కడ్డీని తోసుకొని మనిషి లోపలికి వస్తే అది టక్‌మని తిరుగుతుంది. పక్కనున్న మీటరులో ఒక అంకె పెరుగుతుంది.

ఆ గేటు... మనిషి లేకుండా తిరుగుతుంది.

ఆట మొదలయ్యాక, జనమంతా లోపలికి పోయాక, ఒకే ఒక్కసారి. టక్.

రైలు కింద పడినవాడెవడో అని కొందరన్నారు. పాతకాలపు గోల్‌కీపరని కొందరన్నారు. కాదు, రెఫరీ అన్నవాళ్లు కూడా ఉన్నారు. రెఫరీ అయితే దెయ్యం కావడంలో వింతేమీ లేదని, బతికుండగా తిన్న శాపనార్థాలు ఊరికే పోతాయా అని టీ అంగడి దగ్గర తేల్చేశారు.

సరే, దెయ్యం తిప్పితే తిప్పింది. చిక్కంతా లెక్కతో వచ్చింది.

క్లబ్బులో లెక్కలు రెండు. మైకులో చెప్పేది అమ్మిన లెక్క. సీజన్ టికెట్ కొన్నవాడు ఇంట్లో దుప్పటి ముసుగేసి పడుకున్నా సరే, మైకు లెక్కలో వచ్చినట్టే. గేటుది మాత్రం వచ్చిన లెక్క. మీటరు ఎన్నిసార్లు తిరిగిందో అన్ని చీటీలు ఉండాలి — ఆ రోజు టికెట్ కొన్నవాళ్ల సగం ముక్కలు, సీజన్ పుస్తకాల్లోంచి చింపిన చీటీలు, రెండూ కలిపి. ఒక్క చీటీ తక్కువైనా గేటు మనిషి ఎవరినో ఊరికే లోపలికి వదిలాడన్నమాట. అలా మూడుసార్లు తేడా వస్తే గేటు పని నుంచి దిగిపోవాలి.

ఈ సీజన్లో మొదటి ఆరు మ్యాచులకు ఇద్దరు దిగిపోయారు. ఇద్దరిదీ ఒకే తప్పు. ప్రతి మ్యాచుకూ ఒకరు ఎక్కువ.

ఏడో మ్యాచుకు యోగానంద వచ్చాడు.

యోగానందకు యాభై నాలుగేళ్లు. అలిపిరి నడకదారిలో చేతిలో లెక్క మిషను పట్టుకొని పదకొండేళ్లు భక్తులను లెక్కపెట్టిన మనిషి. చంకలో బిడ్డను ఒకరుగా లెక్కించాలా, తల్లితో కలిపి లెక్కించాలా అన్న దగ్గర కూడా తడబడినవాడు కాదు. మోకాళ్లు అరిగి, కూర్చొని చేసే పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. మ్యాచ్ ఉన్న రోజు తిరుపతి నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చి, ఆట అయ్యాక మళ్లీ రైల్లోనే పోతాడు.

మొదటి రోజే మీటరు నూట తొంభై ఎనిమిది. చీటీలు నూట తొంభై ఏడు.

మూడుసార్లు లెక్కపెట్టాడు. నూట తొంభై ఏడే. ఆట మొదలవగానే పెద్ద తలుపుకు గడియ వేయడానికి పది అడుగులు పక్కకు పోయాడు — అంతే. అప్పుడే ఆ టక్ వినిపించింది.

"దెయ్యం అంటాండారు సార్," అన్నాడు క్లబ్బు కార్యదర్శి జయరావుతో, గొంతు తగ్గించి.

జయరావు తల ఎత్తలేదు. "దెయ్యమైనా సరే యోగానందా, టికెట్ ఉండాల."

ఇంటికి పోయి చెబితే భార్య దేవకమ్మ కంచంలో సంగటి పెట్టింది. "పని పోతే పోనీ. ఊరికే మనుషుల్ని వదిలేవాడని పేరు పడితే యాడ తలెత్తుకుంటాము?" అంది. ఆ రాత్రి యోగానందకు ముద్ద దిగలేదు. పదకొండేళ్లు ఏడుకొండలవాడి దారిలో తప్పని లెక్క పాకాలలో తప్పింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఎనిమిదో మ్యాచు నాడు వాన. యోగానంద కుర్చీని గేటుకు ఎదురుగా వేసుకున్నాడు. టీ తాగలేదు. గడియ ముందే వేశాడు. జనం పోయారు... ఆట మొదలైంది... రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చూపు కడ్డీల మీదే ఉంది.

ఉన్నట్టుండి మైదానంలో గోల్ కేక లేచింది. ఎంత వద్దనుకున్నా మనిషి కదా — తల అటు తిరిగింది.

వెనక... టక్.

ఇటు చూస్తే ఎవరూ లేరు. కడ్డీ మాత్రం ఇంకా సన్నగా వణుకుతోంది. తడి నేల మీద అడుగులున్నాయేమో చూద్దామనుకున్నాడు గాని చూడలేదు. చూడకపోవడమే మంచిదనిపించింది. మీటరు రెండు వందల పదమూడు. చీటీలు రెండు వందల పన్నెండు.

ఇక మిగిలింది ఒక్క మ్యాచు. ఒక్క తేడా. అది వస్తే అతని పేరు కూడా ఆ ఇద్దరి పేర్ల కింద చేరుతుంది.

ఆ రాత్రి యోగానంద ఒక నిర్ణయానికి వచ్చాడు. మనిషైతే పట్టుకోవాలి. దెయ్యమైతే... దెయ్యమైతే జయరావుకే అప్పగించాలి.

తొమ్మిదో మ్యాచు. జనం లోపలికి పోయారు. ఈల మోగింది. యోగానంద గదిలో దీపం ఆర్పి, పోతున్నట్టు చెప్పులు టపటపలాడించుకుంటూ పది అడుగులు నడిచి, చెప్పులు చేత పట్టుకొని వెనక్కి వచ్చి రేకుల చాటున నక్కాడు.

ఒక నిమిషం. రెండు... ఐదు.

పట్టాల మీద గూడ్సు బండి ఒకటి నిదానంగా పోయింది. దాని చప్పుడు తగ్గాక — ముళ్లకంపల పక్కన చీకటి కదిలింది.

నల్లగా. నిలువుగా. చప్పుడు లేకుండా.

యోగానందకు గోవిందా అనుకుందామన్నా నాలుక తిరగలేదు. ఆ ఆకారం గేటు దగ్గరికి వచ్చి ఆగింది. ఏదో గొణిగింది. ముడతలు పడిన చెయ్యొకటి బయటికి వచ్చి కడ్డీని మెల్లగా తోసింది.

టక్.

లోపలికి మాత్రం రాలేదు. వెనక్కి తిరిగింది.

"ఎవురది!" అరవాలనుకున్నాడు. వచ్చింది గుసగుసే.

ఆకారం ఉలిక్కిపడి ముఖం మీది ముసుగు తీసింది. అరవై ఐదు దాటిన ముసలమ్మ. బురఖా అంచుకు ముళ్లు పట్టుకొని ఉన్నాయి. ఒక కంటికి పెద్ద పచ్చ గంత కట్టి ఉంది.

"అరవద్దు నాయనా... నేను మహబూబున్నీసా. పరుపులు కుట్టే సుల్తాన్ సాయిబు ఇంటిదాన్ని."

యోగానందకు భయం దిగింది. వెంటనే ఒళ్లు మండింది. "నువ్వు ఊరికే ఒక తిప్పు తిప్పిపోతే, ఆ తిప్పుకు ఇద్దురి పని పోయిందమ్మా. ఈ రాత్రికి నాదీ పోతాది. ఏం పని నీకీ గేటుతో?"

ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలిసేసరికి అక్కడే చతికిలబడింది. తర్వాత ఒక్కో మాటే కూడగట్టుకొని చెప్పింది.

సుల్తాన్ సాయిబుకు ఇరవై రెండేళ్లుగా ఒకే సీటు, నలభై ఏడు. సీజన్ మొదలయ్యే ముందే ఆయన పోయాడు. ఆయన పుస్తకం పట్టుకొని రెన్యువల్ కిటికీ దగ్గరికి ఆమే పోయింది. పోయిన మాట చెప్పలేదు, నోరు రాలేదు. కిటికీలోని మనిషి పుస్తకం కొత్తది ఇచ్చి ఒక ముక్క చెప్పాడు — ఈసారి నుంచి గేటు లెక్కలోకి రానివాళ్ల సీటు వచ్చే ఏడు వేరేవాళ్లకు పోతుంది.

"అందుకే నాయనా... లెక్కలోకి రావాలంటే గేటు తిరగాల కదా. మ్యాచ్ మ్యాచుకూ వచ్చి ఆయన పేరు సెప్పి ఒకసారి తిప్పిపోతాండా. పుస్తకం సూపిస్తే ఫొటో సూసి నువ్వు కాదు పో అంటారని, ఎవురూ లేనప్పుడు వస్తాండా."

యోగానందకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదకొండేళ్లు మనుషులను లెక్కపెట్టినవాడికి ఆ మిషను సంగతి తెలుసు. దానికి పేర్లు తెలియవు. సుల్తాన్ అయినా, సుబ్బయ్య అయినా దానికి ఒకటే అంకె.

"ఆ సీటులో నువ్వు కూసోవు. మరెందుకమ్మా?"

"దినమంతా దూది దుమ్ములో దగ్గుతా ఉండే మనిషి, ఈడికొచ్చిన రేత్రి నవ్వుతా ఇంటికొచ్చేవాడు. ఆ సీటులో ఇంకొకరు కూసుంటే నాకు ఓర్సుకోను కాదు." ఆమె బురఖాలోంచి పుస్తకం తీసింది. ఒక్క చీటీ కూడా చిరగలేదు.

ఒకటి నుంచి తొమ్మిది దాకా. వరసగా.

యోగానంద ఆ పుస్తకం వంక చాలాసేపు చూశాడు. బల్ల సొరుగులో తొమ్మిది మ్యాచుల కవర్లూ ఉన్నాయి. సీజన్ అయ్యాక, అంటే ఇంకో గంటకు, జయరావు వచ్చి అన్నీ కలిపి తీసుకుపోతాడు. ప్రతి కవరులో తిరిగిన తిప్పు ఒకటి ఎక్కువ. చిరగని చీటీ ఇక్కడ ఒకటి. ఇది దొంగలెక్క కాదు. తిరిగిన తిప్పులే, కొన్న చీటీలే. ఇన్నాళ్లూ రెండూ ఒకచోటికి చేరలేదు, అంతే.

దీపం వెలిగించి కవర్లు పరిచాడు. ఒకటో చీటీ చింపి ఒకటో కవరులో వేశాడు. సరిపోయింది. రెండోది, మూడోది... ఏడోది. దిగిపోయిన ఇద్దరి పేర్లూ తేటపడ్డాయి. చేతులు తేలికపడ్డాయి.

ఎనిమిదో చీటీ మీద వేలు పెట్టగానే మహబూబున్నీసా అతని చెయ్యి పట్టుకుంది.

"అది వద్దు నాయనా. ఆ దినం ఆయన రాలేదు."

"రాలేదా?"

"నేను వేలూరులో కన్ను ఆపరేషన్ చేయించుకొని పండుకొనుంటి. మూడు దినాలు ఈ ఊర్లోనే లేను. తిప్పేవాళ్లు ఎవురుండారు? రాని దినం వచ్చినట్టు రాస్తే ఆయనకే గిట్టదు."

యోగానంద ఆమె కంటి మీది పచ్చ గంతను చూశాడు. ఎనిమిదో కవరును చూశాడు. మీటరు రెండు వందల పదమూడు. చీటీలు రెండు వందల పన్నెండు. కవరు మీద ఉన్నది అతని దస్తూరీయే.

మైదానంలో ఏదో కేక లేచింది. ఈసారి అతను అటు తిరగలేదు. వీపు వెనక గేటు ఉంది. దాని వైపూ తిరగలేదు.

మెల్లగా చీటీ చింపి కవరులో వేశాడు.

"ఆ దినం గూడా వచ్చినాడమ్మా," అన్నాడు. "వానలోనే వచ్చినాడు."

మహబూబున్నీసా గేటు వైపు చూసింది. తర్వాత విసుగ్గా నిట్టూర్చింది.

"గొడుగు తెచ్చుకొనుండడు. ఎన్నిసార్లు సెప్పినా వినడు."