సంతలో ఆగని గుర్రం

ఎండ కిటికీలోంచి కుట్టుమిషను మీద పడే వేళకు ఆయన ఏడో సూదికి దారం ఎక్కిస్తున్నాడు. గుండీలకు, అంచులకు రోజూ పన్నెండు సూదులు కావాలి. భార్యకు చూపు మందగించాక ఈ పని ఆయనకు వచ్చింది. దారం కొసను నాలుకతో తడిపి, మునివేళ్లతో నలిపి, సూదిని వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఒక్కసారికే ఎక్కేది. అవి ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన చేతులు. తొమ్మిదేళ్లుగా వాటికి ఇంతకన్నా పెద్ద పని లేదు.

"నాన్నా, చాల్లే. ఇటు రా," ముందుగదిలోంచి కూతురు పిలిచింది.

"ఇంకా ఐదున్నాయి బుడ్డీ."

"అవెక్కడికీ పోవు. కెమెరా పెట్టేశాను."

"వెళ్లండి వెళ్లండి," అంది భార్య, మిషను ఆపకుండానే. "మిమ్మల్ని చూడ్డానికి జనం కాచుకుని కూర్చున్నారట. ఆ సంగతి తెలీక నేను ఇన్నేళ్లూ ఉత్తినే చూశాను."

ఆయన నవ్వుతూ సూదుల మెత్తను గూట్లో పెట్టి లేచాడు.

కూతురు కొత్త కంప్యూటర్ ఆటల మీద వీడియోలు చేసే ఒక సంస్థలో పనిచేస్తోంది. ఈ నెలాఖరులోగా ఉద్యోగం ఖాయం చేస్తారో పంపేస్తారో తేలుతుంది. పోయిన వారం ఆమెకో ఆలోచన వచ్చింది. జన్మలో ఆట ముట్టని మనిషి చేతికి పెద్ద ఆట ఒకటిచ్చి, మొదటి గంట ఎలా ఉంటుందో చూపిస్తే? అలాంటి మనిషి ఇంట్లోనే ఉన్నాడు.

ఆ మొదటి రోజు తెర మీద కొండలు, వాగులు, కనుచూపు మేర గడ్డి పరుచుకుని ఉంటే ఆయన చాలాసేపు చేతిలోని కంట్రోలరు మీద ఏ బటనూ నొక్కకుండా చూస్తూ కూర్చున్నాడు.

"ఎక్కడికి వెళ్లాలి?"

"ఎక్కడికైనా వెళ్లొచ్చు నాన్నా. అదే ఈ ఆట గొప్ప."

"రూటు లేకుండానా?" అన్నాడాయన అపనమ్మకంగా.

గుర్రం దొరికాక దాన్ని దారికి ఒక పక్కగానే నడిపాడు. కూడలి వస్తే ఆపి రెండువైపులా చూశాడు. వాన మొదలైతే వేగం తగ్గించాడు. ఒక బావి దగ్గర ఇద్దరు మనుషులు నిలబడి ఉంటే గుర్రాన్ని వాళ్ల ముందు ఆపి కూర్చున్నాడు.

"ఎక్కరేంటి వీళ్లు?"

"వాళ్లు ఎక్కరు నాన్నా!"

"మరి ఎందుకు నిలబడ్డట్టు?"

దారిన పోయే ప్రతి మనిషీ ఆటలో ఒకే మాట అనేవాడు. కూతురు అర్థం చెప్పింది, 'నీ దారి చల్లగా ఉండాలి' అంటున్నారని. ఆయన ప్రతిసారీ తెరకేసి తలూపి, "మీరూ జాగ్రత్త," అనేవాడు.

ఆ వీడియోను లక్షల మంది చూశారు. ఆయనకు బస్సు తాత అని పేరు పెట్టారు. 'తాతా, చిల్లర లేదు, దిగిపోనా?' లాంటి కామెంట్లను కూతురు పైకి చదివితే, భార్య చాలా ఏళ్లకు మిషను ఆపి మరీ నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"వీళ్లు నవ్వేది ఆటను చూసా, నన్ను చూసా?"

"నవ్వుతున్నారు కదా, ఎవరిని చూస్తే ఏం?"

మేనేజరు రెండో వీడియో అడిగాడు. అదీ ఇలాగే జనానికి నచ్చితే ఉద్యోగం ఖాయమన్నాడు. తాతను రద్దీలో చూడాలని జనం అడుగుతున్నారట. కూతురు రెండు రోజులు కూర్చుని తనే ముందుగా ఆడి చూసుకుంది. ఆటలో ఒక సంత ఉంది. దొంగలు తరుముతుంటే గుర్రం బెదిరి సంతలోకి దూసుకుపోతుంది. మలుపు దగ్గర సందులోంచి ఒకామె బుట్టతో అడ్డం వస్తుంది. ఎవరు ఆడినా, ఎంత బాగా ఆడినా గుర్రం ఆగదు, ఆమెకు తగలక మానదు.

బుట్ట చూసి కూతురు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత మేనేజరుకు ఫోన్ చేసి, "దొరికింది. సంతలో బుట్టతో ఒకామె గుర్రానికి అడ్డం వస్తుంది," అంది. పక్కగదిలో మిషను కూడా ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

తొమ్మిదేళ్ల కిందట ఆయన బస్సుకు అడ్డంగా వచ్చినామె చేతిలోనూ బుట్టే ఉంది. ఆమె బతకలేదు. తప్పు ఆయనది కాదని విచారణలో తేల్చి, తిరిగి పనిలోకి రమ్మని రెండుసార్లు కబురు పెట్టారు. ఆయన మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. అప్పటి నుంచి ఇల్లు భార్య మిషను మీద నడుస్తోంది.

ఇప్పుడు కెమెరా ఆయన ముఖానికి మూరెడు దూరంలో ఉంది.

"ఇంత దగ్గరగానా?"

"నీ ముఖం బాగుంటుంది నాన్నా. ఏం లేదు, సంతలోంచి అవతలికి వెళ్లాలి, అంతే."

గుర్రం బెదిరింది. ఆయన ఒళ్లంతా వెనక్కి వాల్చి, కుడికాలితో నేలను గట్టిగా తొక్కాడు. అక్కడ బ్రేకు లేదు. కాలు బల్లకింద అలా తొక్కుతూనే ఉంటే కూతురికి నవ్వొచ్చింది. మలుపులో బుట్ట ఎగిరింది. పండ్లు రాళ్ల మీద దొర్లాయి. ఆమె బోర్లా పడి ఉంది.

ఆయన గుర్రం దిగాడు. దిగడం ఒక్కటి ఆయనకు బాగా వచ్చు. ఆమె పక్కన నిలబడి బటన్లు ఒక్కొక్కటే నొక్కాడు. ఒకటి నొక్కితే కత్తి దూశాడు. ఇంకోటి నొక్కితే ఎగిరాడు. మరోటి నొక్కితే ఆమె సంచీ వెతికాడు.

"లేపడానికి ఏది నొక్కాలి?"

కూతురు కుర్చీలో ముందుకు జరిగింది.

"బుడ్డీ, లేపడానికి ఏది?"

"అలాంటిది లేదు నాన్నా."

"ఇన్ని ఉన్నాయి, అదొక్కటీ లేదా?" ఆయన బొటనవేళ్లు ఇంకా తడుముతూనే ఉన్నాయి. "వస్తుందని నీకు తెలుసా? ఆమె అక్కడికి వస్తుందని?"

"ఆట నాన్నా ఇది. వట్టి ఆట."

"తెలుసా?"

"తెలుసు."

మిషను ఆగింది. భార్య గుమ్మంలోకి వచ్చింది. చేతిలో సగం కుట్టిన చొక్కా.

"నాకూ తెలుసు. అడగండి నన్ను కూడా. దాని ఉద్యోగం నిలబడాలని నోరు మూసుకున్నాను. తప్పా? తప్పు మీది కాదని కాగితం మీద రాసిచ్చారు. వచ్చి బండెక్కమని బతిమాలారు. మీరు ఎక్కలేదు. పోయినామె కోసం తొమ్మిదేళ్లు కూర్చున్నారు. బతికున్నదాన్ని మిషను ముందు కూర్చోబెట్టారు. నా కళ్లు పోతుంటే సూదికి దారం ఎక్కించి పెట్టారు, మహా ఉపకారం."

"అమ్మా, చాలు."

"నువ్వు తీసే బొమ్మ కన్నా నా మాటే ఎక్కువైందా?"

కూతురు తల తిప్పి చిన్న తెర వైపు చూసింది. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. అందులో నిండా తండ్రి ముఖమే ఉంది. చూపు ఇంకా బోర్లా పడినామె మీదే ఉంది. ఆ ముఖం ఆమె ఒకసారి చూసింది, తనకు పద్నాలుగేళ్లప్పుడు, ఆయన ఖాకీ చొక్కా మడిచి పెట్టెలో పెడుతుంటే. ఆ రోజు భయపడి ఆయన ఒళ్లో దూరింది. ఈ రోజు అదే ముఖం కోసం కెమెరా జరిపింది. వెళ్లి రికార్డింగ్ ఆపేసింది.

"చెరిపేస్తున్నాను నాన్నా. ఎవరికీ చూపించను. ఆ ఉద్యోగమూ వద్దు."

అంతలో పెద్ద తెర మీద బోర్లా పడినామె లేచింది. ఆటలో పడినవాళ్లు కాసేపటికి అలాగే లేస్తారు. బట్టలు దులుపుకుని, బుట్ట అందుకుని, ఆయన బొమ్మ ముందు నిలబడి ఎప్పటి మాటే అంది, 'నీ దారి చల్లగా ఉండాలి' అని.

"నాన్నా, లేచింది చూడు. ఏం కాలేదామెకి," అంది కూతురు, తెర వైపు చెయ్యి చూపిస్తూ.

ఆయన చూశాడు. ఈసారి తలూపలేదు. చేతిలోని కంట్రోలరును బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి, లోపలికి వెళ్లి గూట్లోని మెత్త తీశాడు. గుమ్మంలో ఉన్న భార్య పక్కకు తప్పుకుంది. కిటికీ దగ్గర నిలబడి మిగిలిన ఐదు సూదులకూ దారం ఎక్కించాడు. మూడోదానికి దారం ఒక్కసారికే ఎక్కలేదు. దారం కొసను మళ్లీ తడిపి ఎక్కించాడు. తల్లీకూతుళ్లలో ఒక్కరూ దగ్గరకు వెళ్లలేకపోయారు.

పన్నెండూ గుచ్చిన మెత్తను మిషను పక్కన, భార్య చేతికి అందేలా పెట్టాడు. చెప్పులేసుకున్నాడు.

"ఏమండీ," అంది భార్య. ఆ పిలుపులో ఇందాకటి పదును లేదు.

ఆయన తలుపు తీసుకుని బయటికి వెళ్లి, దాన్ని మెల్లగా దగ్గరకు వేశాడు.