హన్మమ్మ ముట్టని మనుమరాలు

తొట్టెల కట్టారు, పూలు చుట్టారు, మానవపాడులోని ఆ వాడకట్టంతా వచ్చి కూర్చుంది. కానీ పసిపాపను తొట్టెల్లో వేయవలసిన నాయనమ్మ హన్మమ్మ మాత్రం పశువుల కొట్టం గుంజను పట్టుకుని నిలబడింది, అడుగు ముందుకు వేయదు! పాపను ఎత్తుకున్న కోడలు వనజ గుండె నీరైపోయింది. తల్లి లేని తనకు ఇన్నేళ్ళూ తల్లై నిలిచిన అత్త... ఆడపిల్ల పుట్టిందనేనా ఈ దూరం...

హన్మమ్మ ముక్కంటే మామూలు ముక్కా? ఎక్కడో బీచుపల్లి అంజన్న గుడిలో వడలు కాలుతుంటే, మానవపాడులో కూర్చుని నూనె పాతదని చెప్పేదట! అటువంటి ముక్కులోంచి మిరపకళ్ళంలో నెత్తురు కారితే అందరూ ఘాటుకే అనుకున్నారు. తీరా చూస్తే ముక్కు పైభాగంలో గడ్డ, వేలమందిలో ఒక్కరికి కూడా రానిది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ చేసి, ముఖానికి వలలాంటి తొడుగు బిగించి రోజూ రేడియేషన్ ఇచ్చారు. ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆమె మకాం కొట్టంలోనే. విశ్రాంతి కోసమేనని అందరూ అనుకున్నారు.

వనజ పాపతోనే కొట్టం దగ్గరికి నడిచింది.

"అత్తమ్మా, ఆడపిల్లని అలిగినవా?"

"అలుగుడేందే పిచ్చిదానా... దగ్గరికి రాకు. మిరపతోటకు మందు కొట్టొచ్చినోళ్ళు తానం చేయకుండ పిల్లల్ని ముడ్తరా? నాకు పెట్టిన మందు తానానికి పోయేది గాదు బిడ్డా, బొక్కలదాంక పోయింది. మిషను నడుస్తుంటే డాక్టర్లు గూడ బయటికి పోయి తలుపేసుకుంటుండ్రి. వాళ్ళకే గంత భయమైతే ఈ లేత పాణం ఏం గావాలె..."

"గా మాట డాక్టరమ్మనే అడగకపోయినవా?"

"ఎత్తుకోవద్దని చెప్తే నేను బతుకుతనా?"

వనజ కళ్ళు తుడుచుకుని అప్పుడే దవాఖానకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి అత్త భయమంతా చెప్పింది. డాక్టర్ నవనీత గొంతు అందరికీ వినబడింది.

"అమ్మా, మేము రోజంతా ఎందరికో ఈ కిరణాలు పెడతాం కదా, అన్నిసార్లూ మాకు తగలొద్దని బయటికి పోతాం. మిషను ఆగితే కిరణాలూ ఆగినట్టే. మీ ఒంట్లో ఏమీ మిగలదు. మొన్నటి స్కానులో గడ్డ జాడ కూడా లేదు. పాపను ఎత్తుకోండి."

హన్మమ్మ ఫోనుకే చేతులు జోడించింది. "నీ కడుపు సల్లగుండ తల్లీ..."

హన్మమ్మ పెనిమిటి గోవిందు ఊరుకుంటాడా? "నన్ను గూడ దగ్గరికి రానియ్యక ఇన్నాళ్ళు అరుగు మీద పండవెడ్తివి గదనే. నా నెత్తురు తాగి దోమలు బర్రెలంత అయినయి, రేపు పాలు పిండుకో."

నవ్వుల నడుమ వనజ పాపను అత్త చేతుల్లో పెట్టింది. పాప చిన్ని పిడికిలితో ఆమె కొంగు పట్టుకుంది. హన్మమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది, మనుమరాలినే కాదు, కోడలిని కూడా కలిపి పొదువుకుంది.

"ఇగ తొట్టెల్ల వెయ్యి వదినా, ఆకలైతున్నది," అని పేరంటాళ్ళు పిలిచారు.

"జర ఆగుండ్రి," అంది హన్మమ్మ.

ఎంత ఆగినా ఆమె పాపను దించలేదు. చివరికి వాళ్ళు ఖాళీ తొట్టెలనే ఊపుతూ జోలపాట అందుకున్నారు.