తొంభై తొమ్మిది శాతం పోలిక

"పదిహేను నిమిషాల్లో రాడార్ శాస్త్రవేత్త ఉమాశ్రీ గదికి చేరుతుంది." ఇయర్‌పీస్‌లో చీఫ్ చలపతిరావు గొంతు. "విదేశీ ముఠా ఆవిణ్ణి ఎత్తుకుపోవాలని చూస్తోంది. ఆ గది క్షేమమేనా?"

హైటెక్ సిటీలో, హోటళ్లను పోల్చి చూపే ఒక కంపెనీ తొమ్మిదో అంతస్తు. డేటా ఎంట్రీ గుమాస్తా వేషంలో ఉన్న ఏజెంట్ యజ్ఞనారాయణ స్క్రీన్ మీదికి వంగాడు. ఉమాశ్రీకి ముందు బుక్ చేసింది తెల్లాపూర్‌లో సర్వీస్ అపార్ట్‌మెంట్. పైపు పగిలిందని మధ్యాహ్నం అది రద్దయింది. వెంటనే డేటాబేస్ తనంతట తానే అలాంటిదే మరొకటి వెతికి పెట్టింది, కొత్తగూడలో. పోలిక స్కోరు తొంభై తొమ్మిది.

మంచం, ఏసీ, బాల్కనీ... నలభై రెండు కాలమ్‌లూ సరిపోయాయి. రెండు గదుల ఫోటోలనూ పక్కపక్కన పెట్టాడు. గోడ మీద వేంకటేశ్వరస్వామి పటం రెండింట్లోనూ ఉంది. అలవాటుగా చేతులు జోడించబోయి ఆగిపోయాడు.

కొత్తగూడ స్వామి కుడిచేతిలో శంఖం ఉంది. చక్రం ఎడమచేతిలోకి వెళ్లింది.

"సార్, ఇది తెల్లాపూర్ ఫోటోనే. అద్దంలోలా తిప్పి పెట్టారు. కొత్తగూడలో అలాంటి గదే లేదు. అది ఉచ్చు. కారు ఆపించండి!"

"ఎలా? భద్రత కోసం కారులో ఫోన్లు తీసేయించాం. నీ డేటాబేస్‌లోని అడ్రసు కారు తెర మీద ఎటు చూపిస్తే అటే పోతుంది. అయినా పటం చూసి ఆపరేషన్ మారుస్తావా? ముట్టుకోకు. ఇది ఆర్డర్."

"ఈ ఆర్డర్ నేను పాటించనండి."

అడ్రసు గడిలో పోలీసు గెస్ట్‌హౌస్ అని కొట్టాడు. 'డిజైనర్ వేలిముద్ర కావాలి' అంది స్క్రీన్.

"నా వేలే కదా, అంకుల్?"

వెనక రసజ్ఞ. ఆ డేటాబేస్ డిజైన్ చేసిన మనిషి. ఇన్నాళ్లూ ఏజెన్సీకి రహస్యంగా సమాచారం అందించిందీ ఆమే. ఇప్పుడు లిప్‌స్టిక్ మూత తీసి అతనికి గురిపెట్టింది. లోపల సన్నటి తుపాకీ గొట్టం.

"కుర్చీలోంచి లేవండి."

"లేవనమ్మా. కాల్చుకో. ఇంతకీ స్వామి పటాన్ని ఏ కాలమ్‌లో వేశావు?"

"వాల్ డెకర్. ఎందుకు?"

"అందుకే తిప్పినప్పుడు చూసుకోలేదు."

నేల తుడుస్తున్న మల్లమ్మ స్ప్రే సీసా ఎత్తి ఆమె కళ్లలోకి ఫినాయిల్ నీళ్లు కొట్టింది. మల్లమ్మ కూడా ఏజెన్సీ మనిషేనని రసజ్ఞకి తెలియదు. లిప్‌స్టిక్ కింద దొర్లింది.

"గిట్ల తుపాకులు పట్టుకొని అడ్డం నిలబడితే నేల ఎట్ల తుడవాలె మేడం?" అంటూనే రసజ్ఞ బొటనవేలు లాగి స్కానర్ మీద నొక్కిపెట్టింది.

మ్యాప్‌లో ఉమాశ్రీ కారుని చూపే ఎర్ర చుక్క కొత్తగూడ గేటుకి ఇరవై అడుగుల దూరంలో ఆగింది. ఒక్క క్షణం. వెనక్కి తిరిగింది.



"తొంభై తొమ్మిది అన్నదయ్యా సిస్టం!" అన్నాడు ఇయర్‌పీస్‌లో చలపతిరావు.

"ఆ మిగిలిన ఒక్కటీ స్వామివారిదండి."