పంపమ్మవ్వ మెడలో బిళ్ళ

మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చిన శివపార్వతి అన్నం సంగతే మరిచిపోయింది. పెరట్లో బకెట్టు ముందు కూర్చుని, చింతపండులో ఇటుకపొడి కలిపి, ఒక పాత వెండి బిళ్ళను గట్టిగా తోముతోంది. పక్కనే ఆమె స్నేహితురాలు బసవ్వ నిలబడింది.

“మెల్లగ తోమవే! మా అవ్వ మెడలది అది.”

“నువ్వు చూస్తూ ఉండు. అద్దంలా చేసిస్తాను. టీచరుగారు చూడకముందే ఏ రాజుదో మనమే చెప్పేద్దాం.”

ఆ బిళ్ళ బసవ్వ వాళ్ళ అవ్వ పంపమ్మది. ఆమెకు వాళ్ళ అత్త ఇచ్చింది. అందులో అమ్మవారు ఉందని అత్త చెప్పిందట. అప్పటి నుంచి నల్లదారానికి కట్టి మెడలో వేసుకుంటోంది. మాట్లాడుతూ, నవ్వుతూ దాన్ని బొటనవేలితో రుద్దుతూ ఉంటుంది. అది అరిగిపోయింది అందుకే.

ముందురోజు గిరిజమ్మ టీచరు క్లాసులో రోము దేశపు పాత నాణేల బొమ్మలు చూపించి, “ఇవి మన దిక్కు మట్టిల గూడ దొరుకుతయి. మీ ఇండ్లల్ల ఇట్లాంటివి ఉంటే తెచ్చి చూపండి” అన్నారు. సరిగ్గా ఈ ఉదయమే పంపమ్మ దారం తెగింది. “మాపటికి తెచ్చియ్యాలె” అని చెప్పి బిళ్ళను మనవరాలి చేతికిచ్చింది.

శివపార్వతి వాళ్ళది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. రాయచూరు జిల్లా బాళగనూరు దగ్గర, కోస్తా రైతులు స్థిరపడ్డ క్యాంపులో వాళ్ళమ్మ తులసమ్మ కిరాణా కొట్టు నడుపుతుంది. మెరిసే సరుకు ముందు అమ్ముడుపోతుందని రోజూ పొద్దున్నే డబ్బాలన్నీ తుడిపిస్తుంది. కొట్లో పెరిగిన పిల్ల కదా, బిళ్ళకూ అదే లెక్క వేసింది.

బిళ్ళను నీళ్ళలో ముంచి తీసింది. తళతళా మెరిసింది.

కానీ అంతకుముందు నల్లని గీతల్లో ముక్కూ గడ్డమూ కనిపించేవి. ఇప్పుడు ఏమీ లేదు. తిప్పి చూసింది. అటువైపూ తెల్లగా ఉంది.

“అమ్మవారు ఏదే?” అంది బసవ్వ.

పంపమ్మవ్వ అత్త ఇచ్చిన బొమ్మను తాను చేతులారా తుడిచేసింది!

కొట్లోంచి వచ్చిన తులసమ్మ పిల్లల మొహాలు చూసింది. బకెట్టు పక్కన ఇటుకపొడి చూసింది. సంగతి అర్థమైంది.

“ఏమే, మన ఇత్తడి తూకంరాళ్ళు ఎందుకు తోమనివ్వనో చెప్పానా లేదా?”

“తోమితే అరిగి బరువు తగ్గుతాయని...”

“మరి ఇది తగ్గదా? మనదైతే మన నష్టమే అనుకుందును. పరాయి వాళ్ళ వస్తువు! పద, ముందు పంపమ్మగారికి చెప్పు.”

“టీచరుగారికి చూపించాక చెప్పనా అమ్మా? ఆవిడ బాగుచేస్తారేమో!”

“వస్తువు ఎవరిదో వాళ్ళకి ముందు తెలియాలి.”

పంపమ్మ తన ఇంటి గడపలో కూర్చుని కొత్త దారం పేనుతోంది. శివపార్వతి అరచేయి చాపి, “అవ్వా, నేనే తోమాను. బసవ్వ తప్పేం లేదు” అని ఒక్క గుక్కలో చెప్పేసింది.

పంపమ్మ బిళ్ళను తీసుకుని బొటనవేలితో తడిమింది.

“ఏందే పిల్లా, గిట్ల జేసినవ్? ఇది గిన్నె అనుకున్నవా?” అంది. తిట్టలేదు. తిడితేనే బాగుండునని శివపార్వతికి అనిపించింది.

“పా, మీ టీచరమ్మనే అడుగుదం,” అంటూ పంపమ్మ లేచింది.

ఈ గొడవలో మధ్యాహ్నం క్లాసులు తప్పిపోయాయి; ముగ్గురూ చేరేసరికి బడి వదిలే వేళ అయింది. గిరిజమ్మ టీచరుది రాయచూరు. అంతా విని ఆమె నిట్టూర్చారు.

“ఫికర్ చేయకవ్వా, చూద్దాం. సందుల్లో ఉన్న నలుపే బొమ్మకు గీతల లెక్క ఉండె. అది పోయింది. బొమ్మ పోయిందో లేదో వెలుతురే చెప్పాలె.”

ఆమె కిటికీ దగ్గరికి నడిచారు. పొద్దు వాలుతోంది. ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని మెల్లగా వంచారు. ఇంకొంచెం వంచారు.

“ఇట్ల రా శివపార్వతీ. ఏం కనబడ్తుంది?”

“ఏమీ లేదు టీచర్... ఆగండి! ముక్కు! ముక్కు నీడ!”

“తొందరపడకు. మొకం ఎటు తిరిగింది?”

“కుడివైపు. తల మీద ఆకులు. వెనక ముడి ఉంది, రిబ్బనులా. అంచున ఇంగ్లీషు అక్షరాలున్నాయి టీచర్! ఎ, వి, జి...”

“రోము రాజుల నాణేల మీద ఆ అక్షరాలు శానా వస్తయి. వాటితోని ఏ రాజో చెప్పలేం. నేనూ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న. వెనకవైపు చూడు.”

శివపార్వతే ఈసారి బిళ్ళను ఎండలో వంచింది. మొదట కుర్చీ కాళ్ళు కనిపించాయి. తర్వాత మడతల చీరలాంటి బట్ట. ఆ తర్వాత చేతిలో పొడుగాటి కర్ర.

“అవ్వా! కుర్చీలో ఒక అమ్మ కూర్చుంది!”

పంపమ్మ తల దగ్గరగా పెట్టి చూసింది. కళ్ళు చికిలించింది. ఒక్కసారి ఆమె మొహం వెలిగిపోయింది.

“ఉన్నదే! కూసోనే ఉన్నది! మా అత్త అబద్ధం జెప్పలే!”

బసవ్వ గట్టిగా ఊపిరి వదిలింది. శివపార్వతికి మధ్యాహ్నం నుంచి లేని ఆకలి ఒక్కసారిగా వేసింది.

టీచరు పుస్తకం తీసి, ఒక బొమ్మ పక్కన బిళ్ళను పెట్టారు. “టైబీరియస్ రాజు నాణెం లెక్కనే ఉంది. పేరు పూరా చదివిందాక ‘కావచ్చు’ అనే అనాలె. ఇంకొక్కసారి తోమితే అది కూడ అనలేం.”

“ఇగ దీన్ని తోమేది నా బొటనవేలే. నువ్వు జర దూరముండు,” అని పంపమ్మ శివపార్వతి చెవి మెలిపెట్టింది. నొప్పి పుట్టేంత కాదు.

కొన్నాళ్ళకు కాలువ పూడిక తీస్తున్న జంబన్న కొట్టుకు వచ్చాడు. మట్టి పట్టిన నాణెం ఒకటి బల్ల మీద పెట్టాడు.

“ఏ కాలందో చూడు పాపా. ఇంత చింతపండు పెట్టి తోము, తెలుస్తది.”

శివపార్వతి చింతపండు డబ్బా మూత గట్టిగా నొక్కింది. నాణేన్ని మెత్తని గుడ్డలో పెట్టుకుని, ఎండ పడుతున్న గుమ్మంలోకి వెళ్ళి కూర్చుంది.

“తోమను మామా. కాస్త ఆగు, చూడనీ,” అంటూ నాణేన్ని మెల్లగా వంచింది.